రోత పక్కన ఖాళీ

నేను పుళ్లు కడుగుతాను. ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన కార్డు మీద ఉద్యోగం పేరు గౌరవంగానే ఉంటుంది, పని మాత్రం అదే. పొద్దున్న ఎనిమిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా డ్రెస్సింగ్ గదిలో నిలబడి, వచ్చిన వాళ్ల పాత కట్టు విప్పి, పుండు కడిగి, కొత్త కట్టు కడతాను. ఇరవై ఏళ్లయింది. కొత్తవాళ్లు ఎవరైనా "మీరేం చేస్తుంటారు?" అని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. చెప్పగానే వాళ్ల కళ్లు నా చేతుల మీదికి పోతాయి, అక్కడి నుంచి వాళ్ల చేతిలోని ప్లేటు మీదికి. నాకు అదో సరదా. మా ఆయనకు మాత్రం ప్రాణం మీదికి వస్తుంది.

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. పద్నాలుగో అంతస్తు దగ్గర నడుముకు తాడు కట్టుకుని వేలాడమంటే పాటలు పాడుతూ వేలాడతాడు. అదే, వేలు తెగి ఒక్క నెత్తురు చుక్క కనిపిస్తే గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంటాడు. భోజనాల దగ్గర నా గది కబుర్లు ఎత్తకూడదన్నది పెళ్లయిన వారానికే మా ఇద్దరి మధ్య కుదిరిన ఒప్పందం. ఆ ఒప్పందాన్ని నేను వారానికి రెండుసార్లయినా తప్పుతాను.

ఇంట్లో మూడో మనిషి మావయ్యగారు, మా ఆయన తండ్రి. ముప్ఫై నాలుగేళ్లు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దారు. అందులో చివరి పదకొండేళ్లు ఒకే ఒక్క పుస్తకం మీద కూర్చున్నారు. అది పెద్ద నిఘంటువు. రిటైరైన రోజున ఆ నిఘంటువు కాపీ ఒకటి చేతిలో పెట్టి పంపించారు. ఆయన ఇంటికొచ్చి, చొక్కా మార్చుకుని, పెన్సిలు చెక్కుకుని, మొదటి పేజీ నుంచి మళ్లీ దిద్దడం మొదలుపెట్టారు. అచ్చయిపోయిన పుస్తకాన్ని దిద్దే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. అర్థం సరిగా ఇవ్వలేదని తోచిన ప్రతి మాట పక్కనా, మార్జిన్‌లో, చీమ తలకాయంత అక్షరాలతో తన అర్థం రాసుకుంటారు. ఆ అర్థాలను రాత్రి భోజనం దగ్గర మా మీద ప్రయోగిస్తారు.

"అమ్మాయ్, వెగటు అంటే ఏంటో చెప్పు."

"అసహ్యం."

"అసహ్యం అంటే?"

"ఏవగింపు."

"ఏవగింపు అంటే?"

"మావయ్యా, అన్నం తిననివ్వండి."

"చూశావా! మా పుస్తకం కూడా ఇంతే. వెగటుని అడిగితే అసహ్యం ఇంటికి పొమ్మంటుంది. అసహ్యాన్ని అడిగితే పక్క వీధిలో ఏవగింపు ఉంది, అక్కడ కనుక్కోమంటుంది. అక్కడికి వెళ్తే మళ్లీ వెగటు దగ్గరికే పంపిస్తుంది. ఒక్కరూ తలుపు తియ్యరు."

"మరి మీరు తియ్యండి," అనేవాడు మా ఆయన, ప్లేటులోంచి తల ఎత్తకుండా.

అంతే కావాలి ఆయనకి. ముద్ద పక్కన పెట్టి మొదలుపెట్టేవారు. వెగటు ఇష్టం ఉన్నచోటే పుడుతుందట. నాలుగో మిఠాయి ఎవరికి వెగటు? మొదటి మూడూ ఆవురావురుమని తిన్నవాడికే. మిఠాయి ముట్టనివాడికి వెగటన్నదే తెలీదు. చీదర అలా కాదు, దానికి ఇష్టాయిష్టాలతో పని లేదు. ఆదివారం పూట మా ఆయన విప్పిన మరలూ తీగలూ హాలంతా పరిచి, వాటి మీద నూనె చెయ్యి తుడుచుకున్న గుడ్డ పడేస్తే నాకు కలిగేది చీదర. కంపరం చర్మానికి సంబంధించింది, మెడ మీద ఏదో పాకినట్టు ఉండాలి. ఏవగింపుకి తీరిక కావాలి. మనిషిని ఏళ్ల తరబడి చూసి, తూచి, తేల్చుకున్నాక మిగిలేది ఏవగింపు.

"ఉదాహరణకి?" అనేదాన్ని నేను.

"ఉదాహరణకి మా ఎడిటరుగారు."

"జుగుప్సో?"

"అది వ్యాసాల్లో ఉంటుందమ్మా. ఇళ్లలో ఉండదు."

నాకు చదువు అంతంతమాత్రం. అయినా ఆయన అలా మాటలని బల్ల మీద పరిచి, ఒక్కోదాన్నీ ఎత్తి వెలుతురుకి పట్టి చూపిస్తుంటే ఎంతసేపైనా వినాలనిపించేది. మా నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. తండ్రితో కూర్చుని ఇలా పనికిరాని సంగతులు గంటలకొద్దీ మాట్లాడుకోవచ్చని నాకు ముప్ఫై ఏళ్లు దాటాక, ఈ ఇంట్లో తెలిసింది. ఆయనంటే నాకు చాలా ఇష్టం. ఈ ముక్క ముందే చెప్పేస్తే నయం, ఎందుకంటే ఇకపైన ఆయన మీద నేను గొంతు చించుకుని అరిచిన సంగతి చెప్పబోతున్నాను.

ఒక సెలవు రోజున ఆయన కుర్చీ దులుపుతూ, నిఘంటువు తెరిచి ఉంటే ఊరికే పేజీలు తిప్పాను. మా గదిలో రోజుకి యాభైసార్లు వినపడే మాట ఒకటుంది. రోగి వెంట వచ్చినవాళ్లు గుమ్మం దగ్గరే ఆగి, ముక్కుకి చెంగో రుమాలో అడ్డం పెట్టుకుని అంటారు, "అబ్బా, రోత" అని. మావయ్యగారు దీనికేం రాశారో చూద్దామని వెతికాను. అచ్చులో "రోత: అసహ్యము, ఏవగింపు, జుగుప్స" అని ఉంది. ఒకేసారి మూడిళ్లకి తోలేశారన్నమాట. ఆ పేజీలో పైనా కిందా మార్జిన్ నిండా పెన్సిలు రాతలే, రొదకి రెండు వరుసలు, రోషానికి నాలుగు. రోత పక్కన మాత్రం ఏమీ లేదు, తెల్లగా ఉంది.

"ఇదొకటి వదిలేశారేంటి మావయ్యా?" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తుడిచిందే మళ్లీ తుడిచారు. "తోచలేదమ్మా," అన్నారు.

ఆయనకి తోచకపోవడమా! అయినా నేను మళ్లీ అడగలేదు. కుర్చీ దులుపుకుని పోయాను.

ఆ తర్వాత నెల రోజులకి మా ఇంట్లో వాసన మొదలైంది.

ఆ వాసన నాకు బాగా తెలుసు. మగ్గిపోయి నీరు కారుతున్న పండులా, కాస్త తియ్యగా ఉంటుంది. ఒక సాయంత్రం ఆసుపత్రి నుంచి వచ్చి హాల్లో చెప్పులు విడుస్తుంటే ముక్కుకి తగిలింది. వెంటనే నా చొక్కా కాలరు ఎత్తి వాసన చూసుకున్నాను. ఇంకెవరైనా అయితే ఇల్లంతా వెతికేవారు, చచ్చిన ఎలుక ఏమైనా ఉందేమోనని మంచాల కింద చూసేవారు. మా పని చేసేవాళ్లం అలా చెయ్యం. ఎక్కడైనా పుండు వాసన వస్తే, అది మా ఒంటి నుంచే వస్తోందనుకుంటాం. ఇరవై ఏళ్లుగా మా అందరి భయం అదొక్కటే, పని వాసన ఇంటికి తెచ్చుకుంటున్నామేమోనని.

ఇంక ఉతకడం మొదలుపెట్టాను. యూనిఫాం రెండుసార్లు ఉతికి వేడినీళ్లలో ముంచాను. చెప్పులు కడిగాను. రాగానే ఒకసారి, పడుకునే ముందు ఒకసారి తలంటు పోసుకున్నాను. సబ్బు మార్చాను. ఆసుపత్రిలో చేతులు కడిగే మందునీళ్లు సీసాలో తెచ్చి మోచేతుల దాకా రుద్దుకున్నాను. వాసన పోలేదు. ఇంట్లో ఏ మూల ఉన్నా సన్నగా వెంటాడుతూనే ఉంది.

అదే రోజుల్లో మావయ్యగారు సెంటు పూసుకోవడం మొదలుపెట్టారు. పౌడరు కూడా. మెడ మీద, చంకల్లో, ఆఖరికి లాగు మీద కూడా తెల్లటి చారికలు. మా ఆయనకి ఇంక పట్టపగ్గాల్లేవు.

"ఏంటి నాన్నా, సంబంధం ఏమైనా చూసుకున్నావా? కాస్త ముందు చెప్తే నేనూ ఒక కొత్త చొక్కా కుట్టించుకుంటాను."

"నీకు చొక్కా ఎందుకురా, పిలిస్తే కదా," అన్నారాయన. అందరం నవ్వాం. ఇంట్లో ఉండగా కూడా మేజోళ్లు, వాటిమీద బూట్లు వేసుకుంటున్నారు. కాళ్లు చల్లబడుతున్నాయన్నారు. ఆయనకి పదిహేనేళ్లుగా షుగర్ ఉంది. ఇంట్లో బూట్లు తియ్యని షుగర్ మనిషి గురించి ఎవరైనా నాకు వచ్చి చెప్పి ఉంటే, మాట పూర్తికాకముందే కాళ్లు చూపించమనేదాన్ని. నా ఇంట్లో, నా ఎదురుగా జరుగుతుంటే మాత్రం నా మెదడు మట్టిబుర్ర అయిపోయింది. నా ముక్కు నా కాలరులోనే ఉంది మరి.

వారం గడిచాక ఆయన్నే అడిగాను. మా ఇంట్లో నా పక్కన కూర్చోవడానికి ఒక్కసారి కూడా వెనకాడని మనిషి ఆయన. నేను పనినుంచి రాగానే, ఇంకా స్నానం కూడా చెయ్యకముందే, "ఇలా వచ్చి ఈ వాక్యం చూడమ్మా" అని పక్కన చోటు చూపించేవారు.

"మావయ్యా, నిజం చెప్పండి. నా దగ్గర ఏమైనా వాసన వస్తోందా?"

"కొంచెం వస్తోందేమోనమ్మా," అన్నారు, పుస్తకంలోంచి తల ఎత్తకుండా. "నీ బట్టల నుంచేమో."

నాకు గుండెలో కలుక్కుమంది. మా ఆయన అంటే దులుపుకుపోయేదాన్ని. అన్నది మావయ్యగారు. ఆ రోజు నుంచి భోజనానికి బల్ల ఆ చివర కూర్చున్నాను. వాళ్లిద్దరూ తిన్నాక తిందామని వంటగదిలోనే ఏదో పని కల్పించుకునేదాన్ని. మాటల ఆట ఆగిపోయింది. ఆయన పిలవలేదు, నేను వెళ్లలేదు. మందునీళ్లకి చేతులు పగిలి, వేళ్ల మధ్య చర్మం లేచిపోయి, ఆసుపత్రిలో గ్లవ్స్ వేసుకుంటుంటే కళ్లలో నీళ్లు తిరిగేవి.

ఇలా పది రోజులయ్యాక పెద్ద సిస్టరుకి చెప్పుకున్నాను. మా గదికి ఆవిడే పెద్ద. ఆవిడ ముక్కు మా ఆసుపత్రిలో ప్రసిద్ధి, కట్టు విప్పకుండానే అది ఎన్నాళ్ల పుండో చెప్పేస్తుంది. నేను తలుపేసి, "అమ్మా, నన్ను ఒకసారి వాసన చూడండి," అన్నాను. ఆవిడ నవ్వలేదు. నా జుట్టు, మెడ, భుజం, చేతులు వరుసగా చూసింది.

"నీ దగ్గర సబ్బు వాసన తప్ప ఏం లేదే," అంది. "ఆ చేతులేంటి, అలా చేసుకున్నావు? వాసన ఎక్కడొస్తోంది?"

"ఇంట్లో."

"ఇంట్లోనే వస్తే ఇంట్లోనే ఉంటుంది. మీ ఇంట్లో ఎవరికో పుండు ఉంది. పో."

అప్పుడు కళ్లముందు బూట్లు కనిపించాయి. సెంటు, పౌడరు, మేజోళ్లు అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. నేను సంచిలో కట్టు సామాను కుక్కుకుని, యూనిఫాం మార్చుకోకుండా బస్సెక్కాను. దారి పొడుగునా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

మధ్యాహ్నం పన్నెండున్నర. మా ఆయన పనిలో ఉన్నాడు. మావయ్యగారు తన గదిలో మంచం అంచున కూర్చుని చదువుకుంటున్నారు. నన్ను ఆ వేళప్పుడు చూడగానే కాళ్లు రెండూ మంచం కిందికి లాక్కున్నారు.

"బూటు తియ్యండి," అన్నాను.

"ఏంటమ్మా, ఇంత పెందరాళే వచ్చేశావు?"

"ఎడమదా, కుడిదా?"

ఆయన వార్తాపత్రిక తీసి ఒళ్లో పరుచుకున్నారు. గుడ్లమీద కూర్చున్న కోడిలా మంచాన్ని కరుచుకున్నారు. "చిన్న పొక్కమ్మా. అదే మానుతుంది."

"చిన్న పొక్కుకి ఇల్లంతా వాసన రాదు. తియ్యండి."

"తియ్యను."

"అయితే పదండి, ఆసుపత్రికి పోదాం. డాక్టరుకి చూపిద్దాం."

"అక్కడ మాత్రం కట్టు కట్టేది ఎవరు? నువ్వేగా."

"నేనైతే ఏంటి?"

ఆయన కాళ్లు ఇంకాస్త లోపలికి లాక్కున్నారు. నాకు ఒళ్లు మండింది. ఎదురుగా నేలమీద చతికిలబడి అరవడం మొదలుపెట్టాను. ఇలాంటి కాళ్లు ఎన్ని చూశానో, ఒక్క వారం ఆలస్యానికి ఎన్ని మోకాలి దాకా తీసేశారో చెప్పాను. షుగరు మనిషికి నొప్పి తెలియదనీ, లోపల తినుకుంటూ పోతుందనీ చెప్పాను. "మీ కాలు పోతుంది మావయ్యా, అర్థమవుతోందా? పోతుంది!" అన్నాను. పక్కింటి కిటికీ తెరుచుకున్న చప్పుడైంది.

"పోతే పోనీ," అన్నారాయన మెల్లిగా. "నీ చేత మాత్రం ఈ పని చేయించుకోను."

"నాకిది అలవాటేగా! రోజుకి ముప్ఫై చూస్తాను."

"ఆ ముప్ఫైమందీ మళ్లీ మీ ఇంట్లో నీతో కూర్చుని భోజనం చెయ్యరుగా," అన్నారు. కాస్త ఆగి, "మీ అత్తయ్యకి రొమ్ములో పుండు పడింది," అన్నారు.

ఆవిడ రొమ్ము జబ్బుతో పోయిందని మాత్రమే నాకు తెలుసు. నేను ఈ ఇంటికి రాకముందే పోయింది. హాల్లో ఫోటో ఉంది, సూది నోట్లో పెట్టుకుని, గుండీ కుడుతూ, ఫోటో తీసేవాణ్ణి కసురుతున్నట్టున్న ఫోటో. అంతకుమించి ఆయన ఎప్పుడూ చెప్పలేదు, మా ఆయనా చెప్పలేదు.

"మొదట్లో నేనే కడిగేవాణ్ణి," అన్నారు మావయ్యగారు. "రోజూ పొద్దున్నే, ప్రెస్సుకి వెళ్లేముందు. గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు పట్టుకెళ్లేవాణ్ణి. నన్ను ఆట పట్టించేది. అచ్చుతప్పులు దిద్దేవాడికి నర్సు పనేంటని. ఒక రోజు గుడ్డ అంటుకుపోయింది. తడిపి తీస్తుంటే దాంతోపాటు కొంత ఊడి వచ్చింది. నా ముఖం మారిపోయింది. చెయ్యి కూడా వెనక్కి వచ్చేసింది. ఒక్క క్షణమమ్మా. ఆ క్షణంలో మీ అత్తయ్య నన్నే చూస్తోంది."

ఆయన ఒళ్లోని పత్రిక అంచు మడిచారు.

"మర్నాడు గిన్నె పట్టుకుని వెళ్తే లోపల గడియ పెట్టుకుంది. వాళ్ల చెల్లెల్ని పిలిపించుకుంది. నాలుగు నెలలు బతికింది. ఆ నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా నన్ను దగ్గరికి రానివ్వలేదు. కబుర్లు చెప్పేది, నవ్వేది, తలుపు బయటి నుంచి ప్రూఫులు చదివి వినిపిస్తే తప్పులు కూడా పట్టేది. గుడ్డ మార్చే వేళకి మాత్రం గడియ పడేది. ప్రెస్సులో అప్పుడు 'ర' నడుస్తోంది. ఒకే గేలీ ప్రూఫులో రొమ్ము, రోగం, రోత, రోదన వరుసగా వచ్చాయి. ఆ కాగితం నిండా మా ఇల్లే ఉంది. మిగతా అన్నిటికీ ప్రశ్నగుర్తు పెట్టి వెనక్కి పంపేవాణ్ణి, ఆ కాగితానికి మాత్రం సంతకం పెట్టి ఇచ్చేశాను."

మార్జిన్‌లో ఖాళీ ఎందుకుందో నాకు అప్పుడు తెలిసింది. ఈ మనిషి మాటలతో అన్నాళ్లు ఆడుకున్నది, ఆ ఒక్క మాట దగ్గరికి వెళ్లకుండా ఉండటానికేమో అనిపించింది.

"నా ముఖం అప్పుడు ఎలా ఉందో నాకు తెలుసమ్మా," అన్నారాయన. "లోపల్నుంచి తెలుసు. అలాంటి ముఖం నీకు రావడం నేను బయటినుంచి చూడలేను. నువ్వు నా పక్కన కూర్చోవడం మానేస్తే నాకింక మాట్లాడటానికి ఎవరున్నారు?"

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ముందు కోపం బయటికొచ్చింది.

"పక్కన కూర్చోవడం నేను మానేసి పది రోజులైంది మావయ్యా! చూళ్లేదా? వాసన నాదేననుకుని బల్ల ఆ చివర కూర్చుంటున్నాను. మీరే చెప్పారు, నా బట్టల నుంచేమోనని." చేతులు రెండూ ఆయన ఒళ్లో ఉన్న పత్రిక మీద పెట్టాను. "ఇవిగో చూడండి. మీ మాట నమ్మి ఇలా కడుక్కున్నాను."

ఆయన కళ్లజోడు సర్దుకుని చూశారు. వేళ్ల సందుల్లో పగుళ్లు, ఎర్రగా లేచిపోయిన తోలు, మణికట్టు దగ్గర ఎండిన నెత్తురు గీత. ఒక్కో వేలూ పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూశారు.

"ఇది నేను చేశానా?" అన్నారు.

"మరి ఎవరు చేశారు?"

ఆయన పత్రిక మడిచి దిండు పక్కన పెట్టారు. మంచం కింద నుంచి ఎడమ కాలు బయటికి తీసి, నా ముందు చాపి, కిటికీ వైపు తిరిగిపోయారు.

బూటు తీశాను. లోపల పౌడరు ముద్దలు కట్టింది. మేజోడు అంటుకుపోయి ఉంటే తడిపి, కత్తిరించి తీశాను. చిటికెన వేలు కింద అరికాల్లో రూపాయి బిళ్లంత గుంట, చుట్టూ నల్లగా అంచు, మధ్యలో పసుపుపచ్చటి చీము. ఆ గుంటలోకి ఆయన దూది కూరుకున్నారు, దాని మీద సెంటు చల్లుకున్నారు. పండు కుళ్లిన వాసనా, పూల వాసనా కలిసి ఒక్కసారిగా ముఖాన కొట్టాయి. ఇరవై ఏళ్లలో నేను చూసిన వాటిలో ఇదేం పెద్దది కాదు. అయినా ఎవరో ముక్కూ ముఖం తెలియనివాళ్ల కాలు కాదు కదా. నా ముఖం నాకు తెలియకుండానే పక్కకి తిరిగిపోయింది. డోకు వచ్చింది, గట్టిగా మింగాను. కుడి చేత్తో దూది తీస్తూనే ఉన్నాను. ఎడమ చేయి ఆయన మడమ కింద ఉంది.

మళ్లీ కాలు వైపు తిరిగేసరికి ఆయన కిటికీ వైపు తిరిగి లేరు. నన్నే చూస్తున్నారు. ఎంతసేపటి నుంచి చూస్తున్నారో తెలియదు.

నేను పని చేసుకుంటూ పోయాను. గుంట కడిగాను, నల్ల అంచు మెల్లిగా కత్తిరించాను, లోతు చూశాను. ఎముక తగల్లేదు. చిటికెన వేలు పోవచ్చేమో గానీ కాలు నిలబడుతుందని నాకు అనిపించింది. ఆ మాటే ఆయనకి చెప్పాను. సాయంత్రం డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాను. ఆయన తల ఊపారు. కాలు గురించి ఇంతసేపూ అరిచింది నేనొక్కదాన్నే, ఆయన ధ్యాస కాలు మీద లేనేలేదు.

"అమ్మాయ్," అన్నారు. "ఒకటి అడుగుతాను. నిజం చెప్తావా?"

"అడగండి."

"రోత పుట్టిందా?"

ఈ ప్రశ్న మా గదికి వచ్చే ప్రతివాళ్లూ అడుగుతారు. కొందరు నోటితో అడుగుతారు, చాలామంది కళ్లతో అడుగుతారు. అందరికీ ఒకటే జవాబు చెబుతాను, "అబ్బే, లేదండి, నాకు అలవాటే" అని. చెప్పడం వల్ల ఎవరికీ నష్టం లేదు, రోగి ప్రాణం కుదుటపడుతుంది. ఆ జవాబు నా నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ నా ముఖంలో జరిగింది ఆయన చూసేశారు. ముప్ఫై నాలుగేళ్లు ఒక్కో అక్షరం పట్టి పట్టి చూసిన కళ్లవి. పైగా నన్ను దూరం చేసుకోకూడదని ఆయన చెప్పిన అబద్ధంతో ఈ ఇంట్లో పది రోజులు కాపురం చేశాం. నాకు విసుగు పుట్టింది.

"పుట్టింది మావయ్యా," అన్నాను. "చాలా పుట్టింది. డోకు కూడా వచ్చింది."

ఆయన ముఖంలో ఏదో సడలింది. నేను కొత్త పట్టీ విప్పుతున్నాను, మడమ ఇంకా నా అరచేతిలోనే ఉంది.

"మీ అత్తయ్య కూడా సరిగ్గా ఇదే అడిగింది," అన్నారు. "నేను లేదన్నాను."

అని, ఇంకాస్త ముందుకు జరిగి కూర్చుని, కాలు తెచ్చి నా ఒళ్లో పెట్టారు.